గింజ పండే సముద్రం: ఎడారి తీరంలో ప్రకృతి రక్షణ, ప్రజల చదువు

మెక్సికో దేశపు వాయవ్య భాగంలో, బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పానికీ ప్రధాన భూభాగానికీ నడుమ దాదాపు 1,100 కిలోమీటర్ల పొడవున చొచ్చుకుపోయిన సన్నటి సముద్రాన్ని కాలిఫోర్నియా సింధుశాఖ అంటారు. కోర్టెస్ సముద్రమన్నది దానికున్న మరో పేరు. దానికి తూర్పున సొనోరా ఎడారి; పడమటనున్నదీ ఎడారే. ఏడాదికి 15 సెంటీమీటర్ల వానకు కూడా నోచుకోని చోట్లు ఈ తీరంలో చాలా ఉన్నాయి. కరువుకు మారుపేరైన అనంతపురంలో సగటున 50 సెంటీమీటర్లకు పైగా కురుస్తుందని గుర్తు చేసుకుంటే, ఆ నేల ఎంత ఎండునేలో తెలుగు పాఠకుల ఊహకు అందుతుంది. అటువంటి నేల అంచునే ప్రపంచంలోకెల్లా జీవసంపద దట్టంగా ఉన్న సముద్రాలలో ఒకటి ఉంది. ఈ సింధుశాఖలోని 244 దీవులనూ తీరభాగాలనూ 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు లెక్కకు వచ్చిన చేపజాతులు 891. వాటిలో 90 మరెక్కడా లేనివి. ప్రపంచంలోని సముద్రపు క్షీరదాలలో, అంటే తిమింగలాలు, డాల్ఫిన్లు, సముద్రసింహాల వంటి పాలిచ్చే జంతువులలో, 39 శాతం జాతులు ఈ ఒక్క సింధుశాఖలో కనిపిస్తాయి.

నేల మీద ఇంత లేమి, నీటిలో ఇంత కలిమి పక్కపక్కనే ఉండడం వింతగా తోచినా, దానికి కారణాలు స్పష్టంగానే ఉన్నాయి. చలికాలంలో వాయవ్యం నుంచి వీచే పొడిగాలులు సొనోరా తీరం వెంట పైనీటిని తోసుకుపోగా, ఖాళీ అయిన చోటుకు లోతుల్లోని చల్లటి నీరు ఉబికి వస్తుంది. ఆ నీటిలో నత్రజని, భాస్వరం లవణాలు పుష్కలంగా ఉంటాయి. సింధుశాఖ నడుమనున్న దీవుల దగ్గర సముద్రపు అడుగు ఒక్కసారిగా మిట్టగా లేవడంతో, బలమైన ఆటుపోట్లు ఆ మిట్టల మీదుగా నీటిని చిలికినట్టు కలుపుతాయి. కంటికి కనిపించనంత చిన్నవై నీటిలో తేలే మొక్కలు, అంటే వృక్షప్లవకాలు, ఆ ఎరువు తిని పెరుగుతాయి. వాటిని తిని రొయ్యలు, చిరుచేపలు, వాటిని తిని పక్షులు, తిమింగలాలు బతుకుతాయి. వానను తీసుకురాని ఆ పొడిగాలే సముద్రానికి సేద్యం చేస్తున్నదన్నమాట.

సముద్రపు కలిమి నీటిలోనే ఆగిపోదు. గ్యారీ పోలిస్ అనే జీవావరణ శాస్త్రజ్ఞుడు ఈ దీవుల మీద సాలెపురుగులను, తేళ్లను లెక్కించి, చిన్న దీవులలో అవి ఎందుకంత విరివిగా ఉన్నాయో వివరించారు: ఒడ్డుకు కొట్టుకొచ్చే నాచు, చచ్చిన చేపలు, పక్షుల రెట్ట వాన లేని నేలకు తిండిగా మారుతున్నాయి. దీవి ఎంత చిన్నదైతే దాని వైశాల్యంతో పోల్చినప్పుడు తీరరేఖ అంత ఎక్కువ కనుక, సముద్రపు భిక్ష కూడా అంత ఎక్కువ. 2000 మార్చిలో ఇదే సముద్రంలో పడవ బోల్తాపడి పోలిస్‌తో సహా ఐదుగురు పరిశోధకులు మరణించారు. వారిలో ముగ్గురు జపాన్ నుంచి వచ్చినవారు. వారిని ఇక్కడ ఒక్క క్షణం తలచుకోవడం ధర్మం.

తెలుగువారు ఈ సముద్రం పేరు వినకపోయినా దాని బిడ్డను ఒకదాన్ని రోజూ చూస్తూనే ఉన్నారు. భీమవరం నుంచి నెల్లూరు దాకా చెరువులలో పెరుగుతున్న వెన్నామి రొయ్య పుట్టినిల్లు సొనోరా తీరం నుంచి పెరూ దాకా సాగే పసిఫిక్ తూర్పు తీరమే. ఊరి పొలిమేరల్లో, బీళ్లలో కమ్ముకుపోయిన సర్కారు తుమ్మ కూడా ఆ ఖండం నుంచే వచ్చింది. సొనోరాలో మెస్కీట్ అని పిలిచే చెట్టు దానికి తోబుట్టువు. ఇక్కడ కలుపుగా మారిన ఆ కుదురు చెట్టు అక్కడ కాయ కాసి మనుషులను పోషించిన కల్పవృక్షం. తీయటి ఆ కాయలను రోళ్లలో దంచి పిండి చేసుకున్న జనానికి, కాయ పుట్టినప్పటి నుంచి ఎండి రాలేదాకా దశదశకూ వేరువేరు పేర్లున్నాయి. చెట్టు కుదురు అదే అయినా, దానిని ఎరిగిన మనుషులు చుట్టూ ఉన్నచోట దాని బతుకు ఒక రకం, ఎరగని చోట మరో రకం. ఈ ఉపన్యాసంలో పరిశీలించదలచిన విషయానికి ఇది మంచి ప్రవేశద్వారం.

ఆ విషయం ప్రజామూలక సంరక్షణ. అడవినో సముద్రాన్నో కాపాడవలసిన పని ప్రభుత్వపు కంచెకూ కాపలాకూ మాత్రమే వదలకుండా, దాని మీద ఆధారపడి బతికే జనమే హద్దులు గీసి, నియమాలు పెట్టి, పాటించి, పాటింపజేసే పద్ధతికి ఆ పేరు. మాట వినడానికి సులువుగా ఉంటుంది. జనానికి అవగాహన కలిగిస్తే చాలు, మిగతాది దానంతట అదే జరుగుతుందన్న భావం దాని చుట్టూ అల్లుకుంది. కాలిఫోర్నియా సింధుశాఖ అనుభవం ఆ భావాన్ని బలపరచదు. తెలివిడి ఒక్కటే దేనినీ కాపాడలేదనీ, పరాయివాళ్లను ఆపగల హక్కు, తన చేతిని తాను ఆపుకోగల కట్టుబాటు తోడైనప్పుడే అది రక్షణ అవుతుందనీ, ఆ రెండూ లేని చేతిలో పడ్డ తెలివిడి కత్తి కంటే వేగంగా కోస్తుందనీ ఈ తీరం నేర్పుతున్నది.

ఈ తీరానికి అనాదిగా సొంతదారులు కొంకాక్ జనం. బయటివారు వారిని సెరి అంటారు. వారు తమను తాము పిలుచుకునే పేరు కొంకాక్, అంటే మనుషులు. వారి భాష పేరు క్మీకే ఈతోమ్. దానికి దగ్గరి చుట్టమని రుజువైన భాష ప్రపంచంలో మరొకటి లేదు. సుమారు వెయ్యి మంది ఉన్న ఈ జనం ఇప్పుడు పుంటా చుయేకా, ఎల్ దెసెంబోకె అనే రెండు ఊళ్లలో ఉంటున్నారు. పుంటా చుయేకాకు ఎదురుగా, కొద్ది కిలోమీటర్ల వెడల్పున్న పాయకు అవతల, తిబురోన్ దీవి కనిపిస్తుంది. 1,200 చదరపు కిలోమీటర్ల ఆ దీవి మెక్సికోలోకెల్లా పెద్దది. నడుమనున్న పాయకు స్పానిష్ నావికులు ఇన్ఫియెర్నియో, అంటే చిన్న నరకం, అని పేరు పెట్టారు. కొంకాక్ జనానికి అది ఖేపె కోసోట్, ఇరుకు సముద్రం. దారి తెలియనివాడికి నరకమైన పాయ, దారి తెలిసినవాడికి కొంచెం ఇరుకైనది మాత్రమే.

ఆ ఇరుకు సముద్రపు అడుగున పచ్చిక బయళ్లున్నాయి. సముద్రపు గడ్డి అన్నది నాచు కాదు. వేళ్లు, ఆకులు, పూలు, గింజలు ఉన్న అసలైన మొక్క, ఉప్పునీటిలో మునిగి బతకడం నేర్చుకున్నది. చల్లటి సముద్రాలలో ఈ గడ్డి ఏళ్ల తరబడి బతుకుతుంది. ఇక్కడి వేసవి నీటి వేడికి తాళలేక ఏటేటా చచ్చి, ఏటేటా గింజ నుంచి మొలుస్తుంది. అందుచేత ఈ పాయలోని గడ్డికి గింజ విపరీతంగా పడుతుంది. ఏప్రిల్‌లో గింజ ముదిరిన మొక్కలు తెగి తేలుతూ ఒడ్డుకు కొట్టుకొచ్చి, కళ్లం మీద పరిచిన పనల్లా వరసలు కడతాయి. కొంకాక్ స్త్రీపురుషులు వాటిని పోగుచేసి, ఎండబెట్టి, కర్రలతో బాది నూర్చి, గాలికి తూర్పారబట్టి, గింజను వేయించి, రాతి మీద నూరి, జావ కాచుకునేవారు. వరిచేను కోసిన వారెవరికైనా ఈ వరుస అంతా తెలిసినదే. తెలియనిదల్లా ఆ చేను సముద్రంలో ఉండడమే. సముద్రంలో పండిన గింజను ధాన్యంగా తిన్న జనం ప్రపంచంలో మరెక్కడా నమోదు కాలేదు. ఆ గింజ పేరు ఖ్నోయిస్. అది చేతికొచ్చే నెలకు, అంటే మన ఏప్రిల్‌కు, వారి పంచాంగంలో ఆ గింజ పేరే ఉంది.

ఈ సంగతిని శాస్త్రలోకానికి తెలియజేసినవారు రిచర్డ్ ఫెల్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, కొంకాక్ ఊళ్లలో దశాబ్దాల పాటు కాపురముండి వారి భాషను అధ్యయనం చేసిన మోజర్ దంపతులు. 1973లో సైన్స్ పత్రికలో వచ్చిన వ్యాసంలో ఫెల్గర్, ఎడ్వర్డ్ మోజర్ ఆ గింజలో దాదాపు సగం పిండిపదార్థం, 13 శాతం మాంసకృత్తులు ఉన్నాయని తేల్చారు. గోధుమతో పోటీ పడగల లెక్క అది. ఎడ్వర్డ్ 1976లో మరణించగా, మేరీ బెక్ మోజర్‌తో కలిసి ఫెల్గర్ రాసిన బృహద్గ్రంథం, ఎడారి జనం, సముద్ర జనం ఒక్కరేనని శీర్షికలోనే చెప్పే కొంకాక్ వృక్షవిజ్ఞాన గ్రంథం, 1985లో వెలువడింది. ఫెల్గర్ 2020లో కన్నుమూశారు. తాను కనిపెట్టినదేమీ లేదనీ, కొంకాక్ జనం ఎప్పుడో కనిపెట్టినదాన్ని రాసుకున్నానంతేననీ చెప్పడానికా అన్నట్టు, ఆ వ్యాసం శీర్షికలోనే గింజ పోషకవిలువను ఎరిగిన ఘనతను ఆయన వారికే ఇచ్చారు. పండితలోకంలో ఈ మర్యాద అరుదు. అందుకే దాన్ని ప్రత్యేకంగా ఎత్తి చూపవలసి వస్తున్నది.

అయితే అదే పాయలో మరో తెలివిడి కథ విషాదంగా ముగిసింది. ఈ సముద్రంలో ఆకుపచ్చ తాబేళ్లు కొన్ని చలికాలంలో ఈదడం మాని, అడుగునున్న ఇసుకలోనూ గడ్డిలోనూ సగం కూరుకుని, కదలక మెదలక వారాల తరబడి పడి ఉంటాయి. పాములూ కప్పలూ నేలలో చేసే శీతనిద్ర వంటిది సముద్రపు తాబేళ్లలో ఉన్నదని శాస్త్రజ్ఞులెవరికీ తెలియని కాలంలో కొంకాక్ వేటగాళ్లకు అది తెలుసు. తాబేలును మోస్ని అనే ఆ భాషలో, అడుగున దిగి పడుకున్న ఆ తాబేలుకు వేరే పేరే ఉంది. గాలి లేని రోజున, నీరు తేటగా ఉన్న వేళ, పడవ అంచు నుంచి తొంగి చూస్తే ఇసుకలో చిన్న మిట్టగా కనిపించే వీపును గుర్తుపట్టి, పొడవాటి బల్లెంతో పొడిచేవారు. అటువంటి రోజులు చలికాలంలో ఎన్నో ఉండవు. బల్లెం అందే లోతూ కొద్దిగానే ఉంటుంది. కొన్ని తాబేళ్లు చేతికి చిక్కేవి, చాలావాటికి నిద్రాభంగం అయ్యేది కాదు.

1970ల మొదట్లో ఇతర ప్రాంతాల జాలర్లకు ఈ రహస్యం తెలిసింది. వారి దగ్గర బల్లెం కాదు, కంప్రెసరు ఉంది. పడవ మీది యంత్రం నుంచి గొట్టం ద్వారా గాలి పీల్చుకుంటూ లోతుల్లోకి దిగి, నిద్రలో ఉన్న తాబేళ్లను చేత్తో ఏరుకున్నారు. కొన్ని చలికాలాలు గడిచేసరికి ఏరుకోవడానికి పెద్దగా ఏమీ మిగలలేదు. 1976లో ఈ శీతనిద్ర గురించి సైన్స్ పత్రికలో మొదటి వ్యాసం వచ్చేనాటికే ఆ అద్భుతం దాదాపు అంతరించిపోయే దశకు చేరింది. అంటే శాస్త్రం దాన్ని ప్రపంచానికి పరిచయం చేసిన క్షణమూ, దాదాపు వీడ్కోలు చెప్పిన క్షణమూ ఒకటే. తరతరాలుగా కొంకాక్ చేతిలో ఉన్నప్పుడు తాబేలును నిలబెట్టిన తెలివిడే చేతులు మారగానే తాబేలును తుడిచిపెట్టింది. చివరికి 1990లో మెక్సికో ప్రభుత్వం సముద్రపు తాబేళ్ల వేటను దేశమంతటా నిషేధించింది. నేరమెరుగని కొంకాక్ జనానికి కూడా అది వర్తించిందని వేరే చెప్పనక్కరలేదు.

తెలివిడికి హక్కు తోడైతే ఏమవుతుందన్నది తెలియడానికి మరో జీవిని చూడాలి. తిబురోన్ దీవిని 1963లో ప్రభుత్వం వన్యప్రాణి రక్షితస్థలంగా ప్రకటించినప్పుడు, కొంకాక్ జనం తమ సొంత దీవిలో పరాయివారయ్యారు. 1975లో ఆ దీవి ఉమ్మడి యాజమాన్యాన్ని ప్రభుత్వం వారికే తిరిగి ఇచ్చింది; చుట్టూ ఉన్న నీళ్లలో చేపలు పట్టే హక్కును కూడా వారికే ప్రత్యేకించింది. ఇరుకు సముద్రంలో వారు పెట్టుకున్న కట్టుబాట్లను హవియెర్ బసుర్తో అనే పరిశోధకుడు దగ్గరగా పరిశీలించి రాశారు. గొడ్డలి ఆకారంలో ఉండే, ఇసుకలో నిటారుగా పాతుకుని బతికే ఒక పెద్ద ఆల్చిప్పకు అక్కడ మంచి ధర పలుకుతుంది. దక్షిణాన ఉన్న కీనో అఖాతంలో ఎవరైనా దిగి తీసుకోవచ్చు కనుక ఆ చిప్పలు తరిగిపోయాయి. కొంకాక్ పాయలో మాత్రం బయటి పడవలు కొంకాక్ మనిషిని వెంట ఎక్కించుకుంటే తప్ప దిగడానికి వీల్లేదు. పైగా సముద్రపు గడ్డి దట్టంగా మొలిచే నెలల్లో ఆ చిప్పలు గడ్డి కింద దాగిపోతాయి కనుక అక్కడ ఎవరూ దిగరు. గడ్డి చచ్చిపోయి ఇసుక బయటపడే దాకా అది చిప్పలకు సెలవుకాలం. పది మందిదైనది ఎవరిదీ కాక నాశనమవుతుందని అర్థశాస్త్రంలో ఒక వాదం ప్రసిద్ధం. ఎవరిదీ కానిదానికీ, అందరూ కలిసి కాపాడుకునేదానికీ ఉన్న తేడాను ఆ వాదం పట్టించుకోలేదని ఈ రెండు జలాలు పక్కపక్కనే ఉండి చూపుతున్నాయి.

దీవి మీద పెద్దకొమ్ముల అడవిగొర్రె కథ ఇంకా ఆసక్తికరం. 1975లో ప్రధాన భూభాగం నుంచి 20 గొర్రెలను తెచ్చి తిబురోన్‌లో వదిలారు. మంద పెరిగి 1990లలో సుమారు 500కు చేరింది. అప్పుడు కొంకాక్ పెద్దలు, శాస్త్రజ్ఞులు, ప్రభుత్వ శాఖలు కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నాయి: ఏటా చాలా కొద్ది మగగొర్రెల వేటకు మాత్రమే అనుమతులు వేలం వేసి, ఆ సొమ్మును కొంకాక్ ఊళ్లకూ దీవి రక్షణకూ వెచ్చించడం. సంపన్న వేటగాళ్లు ఒక్కో అనుమతికి పదుల వేల డాలర్లు, ఒక్కోసారి లక్షకు పైగా చెల్లించారు. మంద మిగులు నుంచి గొర్రెలను పట్టి, అవి అంతరించిన ఇతర కొండలకు పంపారు. ప్రాణిని కాపాడడానికి ప్రాణిని చంపే అనుమతి అమ్మడం చాలామంది మనసుకు ఎక్కదు. ఎక్కకపోవడంలో న్యాయం లేకపోలేదు. కానీ ఆ ధర ఎవరి చేతికి వెళ్తున్నదో, మందను లెక్కపెట్టేదెవరో చూడకుండా తీర్పు చెప్పడం తొందరపాటు.

ఈ గొర్రెలు దీవికి కొత్తవని అందరూ అనుకుంటుండగా, 2014లో ఒక పరిశోధన బృందం దీవిలోని కొండగుహలో ఎండిన పెంటపొర ఒకటి తవ్వి తీసి, అది సుమారు 1,500 ఏళ్ల నాటిదనీ, అందులో ఉన్న డీఎన్ఏ అడవిగొర్రెదేననీ ప్రకటించింది. అంటే అవి ఒకప్పుడు అక్కడే ఉండి, అంతరించి, మనుషుల చేతి మీదుగా తెలియకుండానే తిరిగి వచ్చాయి. ఏ జీవి ఏ నేలకు సొంతం అన్న ప్రశ్నకు జవాబు, ఎంత వెనక్కి చూస్తున్నామన్నదాన్ని బట్టి మారుతుంది.

హక్కు లేనిచోట నేర్పు కూడా చేజారుతుంది. సొనోరా ఎడారిలో ఇనుపకర్ర అనే చెట్టు ఉంది. దాని చేవ ఎంత బరువంటే నీటిలో వేస్తే మునుగుతుంది. వందల ఏళ్లు బతికే ఆ చెట్టు నీడన ఎడారి పసిమొక్కలెన్నో తలదాచుకుంటాయి. ఒక్క చెట్టు మొదట్లో వంగి చూస్తే, మండే ఎండకు బయట ఒక్క మొక్కా నిలవని చోట, దాని కొమ్మల కింద రాలిన ఆకుల ఎరువులో బొటనవేలంత కాక్టస్ పిల్లలు, తీగలు, గడ్డి కుదుళ్లు కనిపిస్తాయి. తర్వాత తాటిచెట్టంత ఎత్తు పెరిగే సహువారో కాక్టస్ కూడా బాల్యంలో ఇటువంటి నీడనే కోరుకుంటుంది. 1960ల మొదట్లో హోసే అస్తోర్గా అనే కొంకాక్ శిల్పి ఈ చెట్టు ఎండుకర్రతో తాబేళ్లు, డాల్ఫిన్లు చెక్కడం మొదలుపెట్టగా, అది ఊరంతటికీ జీవనాధారమైంది. బొమ్మకు గిరాకీ పెరగగానే బయట విద్యుత్ యంత్రాలతో చెక్కే కార్ఖానాలు వెలిశాయి. చేత్తో చెక్కినదాని ధర పడిపోయింది, బొగ్గు బట్టీల తాకిడి కూడా తోడై పచ్చి చెట్లు నరుకుడుపడ్డాయి. ఆ నేర్పుకు మూలమైన ఊరికి దాని మీద అదుపు మిగలలేదు.

ఇక చదువు విషయం. ఈ తీరంలో ప్రజల చదువుకు పెద్దపీట వేసిన సంస్థలలో ముందుగా చెప్పుకోవలసింది సింధుశాఖ ఉత్తరపు కొసన ప్యుయెర్తో పెన్యాస్కో అనే రేవు పట్టణంలో 1980లో మొదలైన కేంద్రం. ఎడారుల, మహాసముద్రాల అధ్యయనానికి రెండు దేశాల సంస్కృతుల నడుమ వారధిగా నిలవాలన్న ఆశయం దాని పేరులోనే ఉంది. స్పానిష్ పేరులోని పొడి అక్షరాలను కలిపి దాన్ని సెదో అంటారు. ఆ రేవు దగ్గర ఆటుపోట్ల తేడా ఏడు మీటర్ల దాకా ఉంటుంది. మన తూర్పు తీరంలో మీటరు, మీటరున్నర తేడా చూసిన కళ్లకు అది నమ్మశక్యం కాదు. ఆటు సమయంలో సముద్రం వెనక్కి జరిగి రాతిపరుపులు బయటపడినప్పుడు, గుంటల్లో నిలిచిన నీరు పిల్లలకు బడి అవుతుంది. అక్కడ ఒక రాయిని ఎత్తి చూస్తే, వెలుగు తగిలే పైముఖాన నాచు, చీకటిగా ఉండే కిందిముఖాన స్పాంజీలు, గుడ్ల పొరలు, పెళుసుకాళ్ల నక్షత్రచేపలు, గోరంత పీతలు ఉంటాయి. రాయిని తలకిందులుగా వదిలేస్తే నాచుకు వెలుగు అందక, కిందివాటికి ఎండ తగిలి, రెండు ముఖాల లోకాలూ చచ్చిపోతాయి. కనుక ఎత్తిన రాయిని ఉన్నది ఉన్నట్టు తిరిగి పెట్టడమే ఆ గుంటల దగ్గర నేర్పే మొదటి పాఠం. దక్షిణాన కీనో అఖాతంలో అరిజోనాకు చెందిన ప్రెస్కాట్ కళాశాల క్షేత్రకేంద్రం కూడా విద్యార్థులనూ ఊరి యువతనూ కలిపి నీటిపక్షుల లెక్కలు, సముద్రజీవుల పరిశీలన చేయిస్తున్నది.

ఈ బడుల అవసరం ఎంతటిదో 1990ల మొదట్లో గ్యారీ నభాన్, సారా సెయింట్ ఆంట్వాన్ అనే పరిశోధకులు జరిపిన పరిశీలనలో బయటపడింది. సొనోరా ఎడారి ప్రాంతంలో రకరకాల జాతుల పిల్లలను అడిగితే, అడవిజంతువులను బయట చూసినదానికంటే టీవీలోనే ఎక్కువగా చూశామని చాలామంది చెప్పారు. గడప దాటితే ఎడారి ఉన్న ఇళ్లలోని పిల్లలు వాళ్లు.

పెన్యాస్కో రేవులోనే చదువుకు ఉన్న శక్తి, దానికున్న హద్దు రెండూ ఒకే ఉదంతంలో తేటతెల్లమయ్యాయి. అక్కడ కంప్రెసరు గొట్టాలతో దిగి నల్లటి ముళ్ల శంఖాలనూ రాతికి అంటుకునే ఆల్చిప్పలనూ తీసే జాలర్ల సహకార సంఘం ఉంది. ఏటికేడు రాబడి తగ్గడం గమనించి, పరిశోధకుల తోడుతో వారే 2002లో సాన్ హోర్హె దీవి దగ్గరి రాతిపరుపులతో సహా కొన్ని చోట్లను తమంతట తామే మూసివేశారు. దిగి లెక్కపెట్టడం కూడా వారే నేర్చుకున్నారు. ఈ జీవుల పిల్లలు మొదటి వారాలలో లార్వాలుగా, అంటే పెద్దవాటి పోలికే లేని సూక్ష్మరూపంలో, ప్రవాహంతో కొట్టుకుపోయి వేరొకచోట స్థిరపడతాయి కనుక, మూసిన చోటి ఫలితం తెరిచిన చోట కనిపించాలి. రెండేళ్లలోనే అది కనిపించింది. కొన్నిచోట్ల పిల్ల చిప్పల సంఖ్య మూడింతల దాకా పెరిగింది. ఆ వార్త పొక్కగానే ఇతర రేవుల పడవలు వచ్చిపడ్డాయి. వచ్చినవారిని ఆపడానికి సంఘానికి చట్టం ఇచ్చిన అధికారం లేదు, ఉన్న అధికారులు సకాలంలో రాలేదు. దాచుకున్నది పరాయిపాలు కావడం చూసిన సభ్యులు కొందరు తామెందుకు ఆగాలని తామూ దిగారు. జీవశాస్త్రం నెగ్గిన చోట పాలన ఓడింది. వారికి తెలియనిదేమీ లేదు. చేతకానిదీ ఏమీ లేదు. తలుపు వేసుకునే హక్కు ఒక్కటే కరువైంది.

ద్వీపకల్పపు దక్షిణ కొసన కాబో పుల్మో గ్రామం అందుకు భిన్నమైన ఫలితాన్ని చూపింది. ఊరివారి పట్టుదలతో 1995లో అక్కడి పగడపు దిబ్బలు జాతీయ పార్కు అయ్యాయి, చేపల వేటను ఊరే పూర్తిగా మానుకుంది. 1999 నుంచి 2009 మధ్య అక్కడి చేపల మొత్తం బరువు 463 శాతం పెరిగిందని కొలతలు చెప్పాయి. చిన్న ఊరు, దగ్గరి చుట్టరికాలు, చట్టం అండ, పర్యాటకుల నుంచి రాబడి అన్నీ ఒకచోట కుదిరాయి. అన్నిచోట్లా అలా కుదరవు.

కుదరని చోటు సింధుశాఖ ఉత్తరాగ్రం. కొలరాడో నది ఒండ్రుమట్టి తెచ్చి పోసిన ఆ నీటిలోనే వకీతా అనే చిన్న పోర్పస్ ఉంటుంది. డాల్ఫిన్‌కు దగ్గరి చుట్టమైన ఈ జీవి మీటరున్నర పొడవుంటుంది, కళ్ల చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లటి వలయాలుంటాయి. 1958లో మాత్రమే శాస్త్రానికి తెలిసిన ఈ జీవి 1997 లెక్కల్లో 567. 2016 నాటికి సుమారు 30. ఇటీవలి సర్వేల్లో కనిపించినవి పది లోపు. దాన్ని ఎవరూ వేటాడరు. తొతోవాబా అనే పెద్ద చేప కోసం నీటిలో నిలువుగా కట్టిన వలల్లో చిక్కుకుని ఊపిరాడక చచ్చిపోతుంది. తొతోవాబా వేట 1975 నుంచే నిషిద్ధం. అయినా దాని గాలితిత్తికి, అంటే చేప నీటిలో తేలడానికి తోడ్పడే పొట్టలోని తిత్తికి, చైనా విపణిలో ఉన్న ధర వల్ల దొంగవేట సాగుతూనే ఉంది. కాకినాడ, అంతర్వేది తీరాల్లో కచిడి చేప పడ్డ రోజున వేలంపాట లక్షలు దాటడానికి కారణం కూడా ఆ గాలితిత్తే. రెండు చేపలదీ ఒకే కుటుంబం, రెండింటి తిత్తులూ చేరేది ఒకే రకం అంగడికి. సముద్రాల మధ్య దూరం ఎంతైనా జాలరి ఇంటి ముంగిట నిలబడే ఆశ ఒక్కటే.

2015లో ప్రభుత్వం ఆ వలలను నిషేధించి పరిహారం ప్రకటించింది. అనుమతి పత్రాలున్న పడవ యజమానులకు అందినంతగా, వల లాగే కూలీకి అది అందలేదన్న విమర్శ బలంగా వచ్చింది. వకీతాలను పట్టి కాపాడాలన్న 2017 ప్రయత్నంలో పట్టిన ఆడజీవి ఒకటి చనిపోవడంతో ఆ ప్రయత్నం ఆగింది. 2022లో నౌకాదళం వలలు తగులుకునేలా కొక్కాలు బిగించిన కాంక్రీటు దిమ్మెలను అడుగున వేసింది; వకీతాలు తిరిగే కీలకభాగంలో వలల సంఖ్య తగ్గింది. అదే ఏడాది వెలువడిన జన్యు అధ్యయనం, వలలు లేకపోతే ఆ కొద్ది జీవుల నుంచే జాతి కోలుకోగలదని తేల్చింది. జీవి వైపు నుంచి ఇంకా ఆశ ఉంది. ఆ తీరంలోని సాన్ ఫెలిపె రేవులో ఉదయాన్నే ఇంధనం అప్పు తెచ్చుకుని పాంగా, అంటే మన జాలర్లు ఫైబర్ బోటు అనే పడవ, సముద్రంలోకి నెట్టే మనిషి వైపు నుంచి ఆలోచించిన పథకాలు మాత్రం దిమ్మెల కంటే చాలా తక్కువ.

మళ్లీ కొంకాక్ ఊళ్లకు వస్తే, అక్కడ 1990ల చివరలో యువతీయువకులకు పర్యావరణ పరిశీలకులుగా శిక్షణ ఇవ్వడం మొదలైంది. విశ్వవిద్యాలయ పట్టా లేకపోయినా, కొలతలు తీయడం, నమోదు చేయడం, పెద్దల నుంచి జీవుల పేర్లూ పాటలూ సేకరించడం నేర్చుకున్న వీరు ఊరికీ శాస్త్రానికీ నడుమ నిలబడతారు. అందులోంచే తాబేళ్ల బృందం రూపుదిద్దుకుంది. తాత బల్లెం విసిరిన నీటిలో మనవడు తాబేలును పట్టి, చిప్ప పొడవు, వెడల్పు కొలిచి, ఈతకాలికి గుర్తుబిళ్ల తగిలించి, వదిలిపెడతాడు. తోలుచిప్ప తాబేలు, ప్రపంచంలోకెల్లా పెద్దది, ఎప్పుడో అరుదుగా ఆ నీళ్లలో కనిపిస్తే, కొంకాక్ జనం దానిని బంధువుగా ఒడ్డుకు తెచ్చి, నీడ కట్టి, చిప్పకు రంగులు అద్ది, నాలుగు రోజులు పాటలతో, నృత్యంతో గౌరవించి సాగనంపుతారు. దానికి తమ భాష అర్థమవుతుందని వారి నమ్మకం.

ఆ భాషకు 2005లో మేరీ బెక్ మోజర్, స్టీఫెన్ మార్లెట్ కొంకాక్ పెద్దల తోడ్పాటుతో కూర్చిన నిఘంటువు వెలువడింది. బడిలో పాఠం స్పానిష్‌లో సాగుతుంది. ఇంట్లో, పడవలో మాట క్మీకే ఈతోమ్‌లో సాగుతుంది. గడ్డి గింజను నూర్చి జావ కాచుకోవడం ఇప్పుడు రోజువారీ బతుకులో భాగం కాదు. కొట్టులో గోధుమపిండి దొరుకుతుంది. వేసవి నీరు మరింత వేడెక్కితే గింజ ముదరకముందే గడ్డి చచ్చిపోయే ప్రమాదం ఉంది కనుక, ఆ బయళ్లను ఏటా కొలవడం అవసరమైన పని. ప్రస్తుతానికి ఏప్రిల్ వచ్చేసరికి ఇరుకు సముద్రపు ఒడ్డున గింజ ముదిరిన గడ్డి వరసలుగా కొట్టుకొస్తూనే ఉంది. ఆ నెలను ఆ ఊళ్లలో ఇప్పటికీ ఖ్నోయిస్ పేరుతోనే పిలుస్తారు.